పాత నీలి పట్టాల ఇంజిన్‌కు కొత్త మోటారు: అడుగు పలకకు రంధ్రం పెట్టవచ్చా?

నీలిపట్టా (న్యూరెంబర్గ్):

అందరికీ నమస్కారం. రెండు వారాల క్రితం ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒక అట్టపెట్టె దొరికింది. అడుగున తేమకు చీకిపోయిన పత్రికలు, వాటి మీద లెగో రైలు. నీలి రంగు పట్టాలు, తెల్లని అడ్డపలకలు, ఎర్ర ఇంజిన్, దాని వెనుక బ్యాటరీలు మోసే చిన్న బండి. లెగో సంస్థ 1966లో మొట్టమొదట తెచ్చిన 4.5 వోల్టుల రైళ్ళ తరానిది. అమ్మిన పెద్దావిడ, తన కొడుకు చిన్నప్పుడు ఆడుకున్నదని చెప్పి, కొన్ని ముక్కలు తక్కువ ఉన్నాయని నొచ్చుకుంటూ చవకగా ఇచ్చారు.

ఇంటికి తెచ్చి చూస్తే మోటారు కదలదు. బ్యాటరీలు ఎప్పుడో కారిపోయాయి. రేకుల మీద ఆకుపచ్చగా పొక్కు కట్టింది. తీగ మీది తొడుగు వేలితో తాకితే పెళ్ళలుగా రాలుతోంది.

ఇటుకలతో రైళ్ళు కట్టే మిత్రుడు ఒకరు చూసి, ఇప్పటి రైలు మోటారు పెట్టేయమన్నారు. ఆ మోటారు నడినెత్తిన ఒక గుండ్రని పిడి ఉంటుంది. అది అడుగు పలక రంధ్రంలో కూర్చుని అటూ ఇటూ తిరిగితేనే బండి వంపు తీసుకోగలదు. నా ఇంజిన్ పలకకు ఆ రంధ్రం లేదు. డ్రిల్లుతో రెండు నిమిషాల పని అన్నారాయన. సరేనని డ్రిల్లు పట్టుకుని పలకను తిరగేశాను. లోపలి వైపున పెన్సిల్‌తో గీసిన చిన్న నక్షత్రం కనిపించింది. ఆ పిల్లవాడు ఇది తన ముక్క అని గుర్తు పెట్టుకున్నాడేమో. డ్రిల్లు కింద పెట్టేశాను.

పాత ముక్క మీద, మళ్ళీ వెనక్కి తీసుకోలేని పని ఏదీ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. విప్పవచ్చు, వేరే ఆకారం కట్టవచ్చు. ఇటుకలు ఉన్నదే అందుకు. కోయడం, తొలచడం, రంగు పూయడం మాత్రం వద్దు. ఇది భక్తితో అంటున్న మాట కాదు, లెక్క చూసుకుని అంటున్నాను. ఈ రైళ్ళ కొలతలు ఇప్పటిదాకా మారలేదు. పట్టాల మధ్య దూరం 37.5 మిల్లీమీటర్లు. వంపు వ్యాసార్థం, ఇటుక మీది బుడిపెల లెక్కన చూస్తే, 40 బుడిపెలు, అంటే 320 మిల్లీమీటర్లు. 16 వంపు ముక్కలు కలిపితే గుండ్రం పూర్తవుతుంది. 1966 నాటి చక్రం నేటి పట్టా మీద హాయిగా దొర్లుతుంది. ఎక్కువగా మారుతూ వచ్చింది కరెంటే. 1969లో 12 వోల్టులు వచ్చాయి, పట్టాల మధ్యలో కరెంటు కోసం వేరే పట్టీలు వేశారు. 1991లో 9 వోల్టులు, పట్టాలకే లోహపు తొడుగు. 2006లో రిమోటు, 2009లో పవర్ ఫంక్షన్స్, 2018లో పవర్డ్ అప్ అనే కొత్త మోటారు పద్ధతులు. ఏ మోటారు కోసం ఈ రోజు రంధ్రం పెడతామో ఆ మోటారు కూడా కొన్నేళ్ళకు మూలపడుతుంది. రంధ్రం మాత్రం పలకకు అలాగే ఉండిపోతుంది.

మీరేమంటారు?

ఆడుకునే చేతులు (హైదరాబాద్):

నీలిపట్టా గారూ, మీరు డ్రిల్లు కింద పెట్టిన క్షణం నాకు అర్థమైంది. అయినా మీ మాటతో ఏకీభవించలేను.

అది పిల్లల చేతుల్లో పడి దెబ్బలు తినడానికే తయారైన వస్తువు. సంస్థ చరిత్రను భద్రపరచడానికి లెగో సొంత ఊరు, డెన్మార్క్‌లోని బిలుండ్‌లో 2017లో తెరిచిన లెగో హౌస్ ఉంది, అక్కడి నేలమాళిగలో పాత సెట్లు దాచారు. ఆ పని వాళ్ళు చేస్తున్నారు. మన ఇళ్ళలో ఉన్నది పట్టాల మీద తిరగాలి.

ఇంకో సంగతి. మీరు జర్మనీలో ఉన్నారు, సంతకు వెళ్తే ఇంకో పలక దొరుకుతుంది. మాకు ఇక్కడ ఒక్క పాత పలక తెప్పించుకోవాలంటే ముక్క ధర కంటే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం ఎక్కువవుతాయి. ఉన్నదాన్ని మలుచుకోవడం తప్ప దారి లేదు. నేను నల్ల పలక ఒకటి కోశాను, అంచు ఆకురాయితో నున్నగా చేశాను. మా ఏడేళ్ళ అమ్మాయి రోజూ బడి నుంచి వచ్చి ఆ బండిని హాలు చుట్టూ తిప్పుతుంది. కోయకపోయి ఉంటే అది అల్మారాలో ఉండేది, అమ్మాయికి దాని పేరు కూడా తెలిసేది కాదు.

కంపెనీ ఇచ్చినదాన్ని దాటకూడదనుకుని ఉంటే ఈ అభిరుచి ఇంత దూరం వచ్చేదే కాదు. 2009లో ఎమరాల్డ్ నైట్ సెట్టు వచ్చేదాకా ఆవిరి ఇంజిన్లకు కావలసిన, అంచు ఉన్న పెద్ద చోదక చక్రాలు లెగో దగ్గర లేవు. అంతకు ముందు అభిమానులు వాటిని బయట చిన్న తయారీదారుల దగ్గర కొని పెట్టుకున్నారు. వాళ్ళందరూ తప్పు చేశారంటారా?

గ్రీజు మరకలు (బెంగళూరు):

అసలు మోటారు పోయిందని ఎవరు తేల్చారు? ముందు అది చూడండి, కోయాలా వద్దా అన్నది తర్వాత.

కారినవి ఆల్కలైన్ బ్యాటరీలైతే ఆ పొక్కు క్షారం. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి అద్దండి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా అద్దుతూ, తర్వాత నీళ్ళ తడితో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. రేకు లోపల మెరుపు కనిపిస్తే బతికినట్టే. తీగను కాపాడాలని చూడకండి, కొత్త తీగ వేయండి. తీగ చివర ఉన్న పాత ప్లగ్గులు మాత్రం దాచి వాటికే అతకండి. తర్వాత బ్యాటరీల పెట్టెను పక్కన పెట్టి, 1.5 వోల్టుల బ్యాటరీలు మూడు వరుసగా కలిపి నేరుగా మోటారుకు తగిలించి చూడండి. సన్నగా మూలుగుతూ తిరగకపోతే లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది. నేను బాగుచేసిన పాత మోటార్లలో కాలిపోయినవాటి కంటే ఇలా బిగుసుకుపోయినవే ఎక్కువ. ఇరుసును వేళ్ళతో మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట పట్టు వదులుతుంది. ఆ వదలడం చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

తెల్ల ముక్కలు పచ్చబడ్డాయని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేసి ఎండలో పెట్టమని ఎవరైనా చెబుతారు. నేను చేశాను. మొదటి రోజు పాలలా తెల్లబడ్డాయి. రెండేళ్ళకు మళ్ళీ పచ్చబడ్డాయి, పైగా రెండు ముక్కలు బిగిస్తుంటే చిట్లిపోయాయి. నా లెక్కలో అది కూడా కోతే. సబ్బు నీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు.

కృష్ణా వంతెన (విజయవాడ):

నా మాట వేరు. పాతవాటిని అలాగే ఉంచి, పాత పద్ధతిలో కొత్త ముక్కలతో కట్టుకుందాం. లెగో వాళ్ళు చేసిందీ అదే. 1980లో వచ్చిన 7810 ఆవిరి ఇంజిన్‌ను 2020లో కొత్త ఇటుకలతో తిరిగి కట్టి 40370 నంబరుతో ఇచ్చారు. ఎవరి పాత ఇంజిన్‌కూ గీత పడలేదు. 2004 ప్రాంతంలో బూడిద రంగు మారింది కాబట్టి పాత బూడిదకు, కొత్త బూడిదకు తేడా చూడగానే తెలిసిపోతుంది. కొందరికి అది లోపంగా కనిపిస్తుంది. నాకు మాత్రం మంచిదే అనిపిస్తుంది. ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో తెలుస్తుంది, ఎవరినీ మోసం చేయదు.

మా తాతగారు ఇక్కడి రైల్వే షెడ్డులో, ఇంజిన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు. డబ్ల్యూపీ అనే ఆవిరి ఇంజిన్ల గురించి చెప్పేటప్పుడు చేత్తో గాలిలో ఆ గుండు ముక్కు ఆకారం గీసేవారు. ఆ ఇంజిన్‌నే నేను రెండేళ్ళుగా కడుతున్నాను. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం నుంచి మొదటివి వచ్చాయి, మొత్తం 755 తయారయ్యాయి. ముందు నాలుగు చక్రాలు, మధ్య ఆరు పెద్దవి, వెనుక రెండు.

మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 37.5తో భాగిస్తే దాదాపు 44.7 వస్తుంది, అంటే అసలు బండిలో 44.7వ వంతు. ఐరోపా వాళ్ళ 1435 గేజ్‌కు అదే లెక్క 38.3 అవుతుంది. వాళ్ళ లెక్కతో మన బండి కడితే పట్టాలతో పోలిస్తే పెట్టె మరీ పెద్దదైపోతుంది. పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్ చేసిన పెట్టె వెడల్పు 3.245 మీటర్లు, పొడవు 21.337 మీటర్లు. ఈ కొలతలో అది 9 బుడిపెల వెడల్పు, 60 బుడిపెల పొడవు. ఇక్కడ చిక్కు వచ్చింది. రైల్వే వాళ్ళు ట్రాలీలు అనే చక్రాల కూర్పులు రెండింటి మధ్య దూరం అసలు పెట్టెలో 14.783 మీటర్లు, నా దాంట్లో 331 మిల్లీమీటర్లు. 320 వ్యాసార్థం ఉన్న లెగో వంపు మీద నిలబెడితే పెట్టె నడిమి భాగం 46 మిల్లీమీటర్లు లోపలికి జరిగిపోతుంది. పట్టాలు రెండూ మధ్య గీతకు చెరొక 19 దూరంలోనే ఉంటాయి. పెట్టె నడిమి గీత లోపలి పట్టాను కూడా దాటిపోయి, అక్కడ పెట్టె చాలా భాగం గాలిలో వేలాడింది! పక్క స్తంభానికి తగిలి పడిపోయింది.

రెండు దారులున్నాయి. పెట్టెను పొట్టి చేయాలి, లేదా వంపును పెంచాలి. 104 బుడిపెల వ్యాసార్థం ఉన్న వంపులు బయటి తయారీదారుల దగ్గర దొరుకుతాయి. వాటి మీద అదే పెట్టె 17 మిల్లీమీటర్లే జరుగుతుంది. కానీ ఆ గుండ్రానికి దాదాపు 1.7 మీటర్ల అడ్డకొలత కావాలి, మా ముందు గదిలో మంచం తీసేయాలి. చివరికి పెట్టెను 44 బుడిపెలకు కుదించాను, కిటికీలు తగ్గించాను. తాతగారు ఉండి ఉంటే కిటికీలు లెక్కపెట్టి అడిగేవారు.

ఇంత పనికీ ఒక్క పాత ముక్కను కూడా కోయలేదు.

ఆడుకునే చేతులు:

కృష్ణా వంతెన గారూ, మీ లెక్కలు రాసిపెట్టుకున్నాను, కృతజ్ఞతలు. కానీ కొత్త ముక్కలతో కట్టండి అన్నది నా ప్రశ్నకు జవాబు కాదు. పాత ఇంజిన్‌నే పట్టాల మీద చూడాలనుకునేవారు ఏం చేయాలి? మా నాన్నగారు దుబాయి నుంచి తెచ్చిన ముక్కలు అవి. వాటి పోలిక పక్కన పెట్టి తృప్తి పడమంటారా? నాకు ఆ ముక్కలే కదలాలి.

నీలిపట్టా:

మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. మా సంతలో దొరికినట్టు హైదరాబాద్‌లో దొరకవని నేను ఆలోచించలేదు. మీరు కోసిన పలకను తప్పుపట్టను. ఆ బండితో ఆడుకునే అమ్మాయి మీ ఇంట్లో ఉంది.

అయినా ఆ ముక్కలే కదలాలంటే కోయక తప్పదన్న మాట దగ్గర మాత్రం ఆగుతాను. గ్రీజు మరకలు గారు చెప్పినట్టే చేశాను. వెనిగర్ పెట్టాక ఒక రేకు మెరిసింది, రెండోది పూర్తిగా తినేసి ఉంది. మోటారు ఇరుసు పట్టు వదిలింది, బల్ల మీద తిరుగుతోంది. బండి మీద పెడితే రెండు పెట్టెలు లాగే బలం మాత్రం లేదు.

అందుకని మోటారును ఇంజిన్‌లో కాకుండా దాని వెనుక పెట్టెలో పెట్టాను. కొత్త ముక్కలతో, పాత సరుకుల పెట్టె ఆకారంలో ఒక వాగను కట్టాను. లోపల ఇప్పటి మోటారు, ఆరు సన్న బ్యాటరీల బ్లూటూత్ పెట్టె. పైకప్పు ఎత్తితే మీట కనిపిస్తుంది, మూస్తే ఏమీ తెలియదు. అది వెనుక నుంచి ఎర్ర ఇంజిన్‌ను నెడుతుంది. ఇంజిన్ మోటారును గేరు నుంచి విడదీశాను కాబట్టి చక్రాలు తేలికగా దొర్లుతున్నాయి. రేపు ఇంకో రకం మోటారు వస్తే వాగను విప్పి మళ్ళీ కడతాను. ఇంజిన్ పలక, దాని లోపలి నక్షత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మీ నాన్నగారి ముక్కలకూ ఇది పనికి వస్తుంది. కావలసినవన్నీ కొత్త ముక్కలే కాబట్టి పాత పలక కోసం విదేశాలకు రాయనక్కరలేదు.

ఒక్కటి కుదరలేదు. నా ఇంజిన్‌కు పాత కొక్కెం, కొత్త పెట్టెలకు అయస్కాంతం. వాగనుకు ముందు వైపు కొక్కెం, వెనుక వైపు అయస్కాంతం పెట్టాను. నేరు పట్టా మీద బాగానే నడిచింది. వంపులో మూడో ముక్క దగ్గరికి వచ్చేసరికి, నెట్టుడుకు కొక్కెం పైకి లేచి జారిపోతోంది. ఇంజిన్ ముందు భాగంలో బరువు పెట్టి చూశాను, ఫలితం లేదు. గ్రీజు మరకలు గారూ, కొక్కెం పైన ఒక నున్నటి పలక ఆనించి లేవకుండా ఆపితే వంపులో బిగుసుకుంటుందా? ఎవరైనా ప్రయత్నించి ఉంటే చెప్పండి, శనివారం మళ్ళీ పట్టాలు పరుస్తున్నాను.

గ్రీజు మరకలు:

పలక వద్దు, బిగుసుకుంటుంది. వాగనును ఇంజిన్‌కు ముందు పెట్టి లాగించండి. పాత కొక్కేలు లాగడానికి చేసినవి, నెట్టడానికి కాదు. వాగను ముందుంటే కంటికి బాగుండదంటే వలయంలో బండిని వెనక్కి నడపండి, కొక్కెం మీద లాగుడే పడుతుంది. శనివారం ఫొటోలు పెట్టండి.