మోకాళ్ల నొప్పులున్న అమ్మతో బ్విండీ గొరిల్లాలను చూడటానికి వెళ్లవచ్చా?

అందరికీ నమస్కారం. వచ్చే జూలైలో అమ్మను తీసుకుని ఉగాండాలోని బ్విండీ అడవికి, కొండ గొరిల్లాలను చూడటానికి వెళ్లాలనుకుంటున్నాను. ఆమెకు 63 ఏళ్లు. చదును నేల మీద గంటసేపు హాయిగా నడుస్తుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతుంది. అందుకే ఎక్కడం కంటే దిగడం గురించే నా బెంగ.

పర్మిట్ ఒక్కొక్కరికి 800 డాలర్లు. రువాండాలో 1500 కాబట్టి అటు ఆలోచించలేదు. ఇంత కట్టినా గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది గంటే. అవి ఆ రోజు ఎక్కడుంటే అక్కడికి మనమే వెళ్లాలి. నడక అరగంట కావచ్చు, పూటంతా కావచ్చు. బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో అని అడవిలోకి వెళ్లే నాలుగు వైపుల్లో బుహోమా సులువని ఏజెంటు అంటున్నాడు. ఆయన చూపించే హోటలూ అక్కడే ఉందనుకోండి! వెళ్లి వచ్చినవారు ఏమంటారు?

ఉదయం బృందాలుగా విడదీసేటప్పుడు పెద్దవారున్నారని చెబితే దగ్గరలో ఉన్న గొరిల్లా కుటుంబాన్ని కేటాయిస్తారా? నడవలేనివారిని డోలీలాంటి దానిలో మోసుకెళతారట. దానికి ముందే చెప్పాలా, ఎంత తీసుకుంటారు? జలుబు, దగ్గు ఉంటే గొరిల్లాలకు అంటుకుంటుందని ఆపేస్తారు కదా, అలా ఆగిపోయినవారికి డబ్బు ఏమైనా తిరిగి వచ్చిందా?

ఉగాండా విమానాశ్రయం ఉన్న ఎంటెబ్బే నుంచి రోడ్డు మీద రోజంతా ప్రయాణం. రువాండా రాజధాని కిగాలీలో దిగి సరిహద్దు దాటడం మేలా?

మరొకటి, ఎల్లో ఫీవర్ టీకా. 60 దాటినవారికి వేయడానికి మా డాక్టరు వెనకాడుతున్నారు. మీ ఇంట్లో పెద్దవారి విషయంలో ఏం చేశారు?