అమ్మానాన్నల వీసాకి కాఠ్మాండులో స్లాట్: అడ్రస్ ప్రూఫ్ దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్ళు చెప్పండి

పాలకొల్లు తమ్ముడు:
అందరికీ నమస్కారం. పొద్దుట్నుంచి కంప్యూటర్ ముందే కూర్చున్నాను, పని తెమలట్లేదు. అమ్మానాన్నలకి టూరిస్ట్ వీసా పెడుతున్నాను. హైదరాబాద్‌లో తేదీలు మరీ దూరంగా ఉన్నాయని కాఠ్మాండులో పెడదామనుకున్నాం. ఫారం సగం నింపేసరికి బయటికి తోసేస్తోంది, మళ్ళీ మొదటికి. అదలా ఉంచితే, అడ్రస్ ప్రూఫ్ దగ్గర మొత్తం ఆగిపోయింది. ఆధార్ సరిపోతుందా, ఇంకేమైనా కావాలా? అక్కకి నెలలు నిండుతున్నాయి, టైం లేదు. నాన్న దాళ్వా కోతల్లో ఉండి కూడా గంటకోసారి "అయిందా" అని ఫోన్ చేస్తున్నారు. దయచేసి తెలిసినవాళ్ళే చెప్పండి.

రాజోలు బాబాయ్:
ఏ దేశం వీసా బాబూ? అది రాయనేలేదు.

పాలకొల్లు తమ్ముడు:
అమెరికాయే అండి. అక్కా బావా డాలస్‌లో ఉంటారు.

నర్సాపురం రేవు:
కాఠ్మాండులో కుదరదు. 2025 సెప్టెంబర్ 6న అమెరికా ప్రకటనతో రూలు మారింది, ఎవరుండే దేశంలో వాళ్ళే పెట్టుకోవాలి. హైదరాబాద్‌లోనే పెట్టండి.

ఆకివీడు చెరువుగట్టు:
అలా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలాగండీ. మా బావమరిది బ్యాంకాక్ వెళ్ళి వీసా తెచ్చుకున్నాడు. 2022 చివర్లో మన దగ్గర విజిటర్ వీసా ఇంటర్వ్యూకి దాదాపు వెయ్యి రోజులు చూపించేది, గుర్తుందా? అప్పుడు బ్యాంకాక్ ఎంబసీ మనవాళ్ళకి కూడా స్లాట్లు తెరిచింది. ప్రయత్నిస్తే పోయేదేముంది?

నర్సాపురం రేవు:
అది 2023 సంగతి.

ఆకివీడు చెరువుగట్టు:
2023 అయితే మాత్రం? మీ దేశంలో పెట్టుకోండి అన్నారు గానీ, ఇంకోచోట పెడితే తీసుకోం అనలేదు కదా. రెండింటికీ తేడా లేదా?

అమలాపురం టీచరమ్మ:
తేడా ఉందండి, కానీ ఈ అబ్బాయికి కలిసొచ్చే తేడా కాదు. ఆ ప్రకటన ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా వెళ్ళడానికి ఇచ్చేది) కావలసినవాళ్ళు తమ పౌరసత్వం ఉన్న దేశంలో గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ ఇంటర్వ్యూ పెట్టుకోవాలి. నివాసం లెక్కన పెట్టుకుంటే, అక్కడ ఉంటున్నట్టు చూపించగలగాలి. ఈ రెండూ కాని చోట పెట్టుకున్నవాళ్ళకి వీసా రావడం కష్టం కావచ్చు, ఎదురుచూపూ ఎక్కువే. కట్టిన ఫీజు వెనక్కి రాదు, ఇంకో దేశానికి మారదు. మనిషికి 185 డాలర్లు అంటే ఇద్దరికీ కలిపి ముప్పై వేలు దాటుతుంది. పైగా విమానం, హోటల్. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు కాబట్టి ఇదేదో దగ్గరి దారి అనిపిస్తుంది. కానీ అమెరికావాళ్ళు చూసేది మనం నేపాల్ వెళ్ళగలమా లేదా అని కాదు.

తమ్ముడూ, ఫీజు కట్టేశారా? ముందు అది చెప్పండి.

ఫారం బయటికి తోసేయడం గురించి. మీరు నింపుతున్న ఆ ఆన్‌లైన్ వీసా ఫారం, డీఎస్-160ని ఇరవై నిమిషాలు కదపకుండా వదిలేస్తే మూసుకుపోతుంది. నాన్నగారిని ఫోన్‌లో వివరాలు అడుగుతూ కూర్చుంటే ఆ ఇరవై నిమిషాలూ ఇట్టే అయిపోతాయి. మొదట్లోనే ఏఏ00తో మొదలయ్యే అప్లికేషన్ ఐడీ వస్తుంది. అదీ, మీరిచ్చిన సెక్యూరిటీ ప్రశ్నకి జవాబూ కాగితం మీద రాసుకోండి. పేజీ పేజీకి సేవ్ నొక్కండి. ముప్పై రోజుల్లోపు ఎప్పుడైనా ఆ ఐడీతో తెరిచి ఆగిన చోటి నుంచి నింపుకోవచ్చు. వివరాలన్నీ ముందే ఒక నోట్‌బుక్‌లో రాసుకుని కూర్చుంటే టెన్షన్ ఉండదు.

తణుకు రిటైర్డ్:
అందరూ ఊళ్ళ పేర్లు పట్టుకుని వాదిస్తున్నారు గానీ, పాస్‌పోర్టులో మనిషి పేరు ఎలా ఉందో ఒక్కరైనా అడిగారా? నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాగితాలే చూశాను. మన జిల్లాల్లో సగం తిప్పలు పేరు దగ్గరే. పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. బ్యాంకులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. పాస్‌పోర్టుకి వచ్చేసరికి కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో పడుతుంది. అలాంటివాళ్ళు డీఎస్-160లో ఆ మొత్తం పేరునీ సర్‌నేమ్ గడిలో వేసి, గివెన్ నేమ్‌లో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని రాయాలి. సొంత తెలివితో రెండుగా విడగొట్టకూడదు. పాస్‌పోర్టులో అక్షరం ఎలా ఉంటే అలాగే. అమ్మగారికి పెళ్ళికి ముందు పుట్టింటి పేరు ఉండి ఉంటే, ఇదివరకు వాడిన పేర్లు అనే చోట అదీ రాయాలి. టెలికోడ్ (కొన్ని భాషల్లో పేరులోని అక్షరాలకి ఇచ్చే అంకెల కోడ్) ఉందా అని ఒక ప్రశ్న వస్తుంది, మనవాళ్ళు కంగారుపడిపోయి ఎస్‌టీడీ కోడ్ వేస్తుంటారు. దానికి 'నో' అని పెట్టాలి. ఫొటో రెండంగుళాలకి రెండంగుళాలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్ళజోడు తీసేసి దిగాలి, ఆరు నెలల్లోపుదై ఉండాలి. నాన్నగారు ఎప్పుడో పాస్‌పుస్తకానికి దిగిన ఫొటో పెట్టేస్తారేమో, చూసుకోండి.

పాలకొల్లు తమ్ముడు:
పేర్లతో ఇబ్బంది లేదండి, ఇంటిపేరు విడిగానే ఉంది. నేనడిగింది అడ్రస్ ప్రూఫ్ గురించి. ఫీజు ఇంకా కట్టలేదు. కన్సల్టెన్సీ ఆయన ఈ రాత్రికే కట్టేయమంటున్నారు, రేపైతే తేదీలు పోతాయట.

రాజోలు బాబాయ్:
అడ్రస్ ప్రూఫ్ కావాలని ఎవరన్నారు? నేనూ మీ పిన్నీ హైదరాబాద్‌లో వీసా తీసుకున్నాం. ఆధార్ ఎవరూ అడగలేదు. పాస్‌పోర్టు చూశారు, ఏం చేస్తుంటారు అన్నారు, అబ్బాయి ఎక్కడుంటాడన్నారు, అంతే. చంకలో ఫైలు చంకలోనే ఉండిపోయింది.

కువైట్ కోనసీమ:
నేను కువైట్‌లో ఉంటున్నాను, మాది అంబాజీపేట దగ్గర. మేం ఇక్కడి ఎంబసీలో పెట్టుకోవచ్చు, ఎందుకంటే అకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్), సివిల్ ఐడీ ఉన్నాయి, జీతం పడే బ్యాంకు ఖాతా ఇక్కడే ఉంది. నివాసం అంటే అది. మీ అమ్మానాన్నలు నేపాల్‌లో ఉంటున్నారా? ఉంటే చెప్పండి, అప్పుడు కథ వేరు.

పాలకొల్లు తమ్ముడు:
లేదండి, ఊళ్ళోనే ఉంటారు. నాన్న వ్యవసాయం. కన్సల్టెన్సీ ఆయన కాఠ్మాండులో ఇల్లు అద్దెకి తీసుకున్నట్టు కాగితం తయారుచేయిస్తానన్నారు. దానికి తోడు మన వైపు నుంచి ఏ ప్రూఫ్ పెట్టాలో తేలక అడిగాను. అందరూ ఇలాగే పెడుతున్నారట.

కువైట్ కోనసీమ:
అయ్యో, అసలు సంగతి ఇప్పుడా చెప్పేది!

నర్సాపురం రేవు:
వద్దు. ఆ మనిషికి ఫోన్ కూడా చేయకండి.

అమలాపురం టీచరమ్మ:
తమ్ముడూ, దయచేసి ఆ పని చేయకండి. నెమ్మదిగా చదవండి, ఇది మీ అమ్మానాన్నల జీవితానికి సంబంధించింది.

వీసా మామూలుగా రాకపోతే 214(బీ) అని ఒక కాగితం ఇస్తారు. తిరిగొస్తారన్న నమ్మకం ఆఫీసరుకి కలగలేదని దానర్థం. మళ్ళీ ఫీజు కట్టి ఇంకోసారి వెళ్ళొచ్చు, రెండోసారి వచ్చినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. కానీ తెలిసి తెలిసి అబద్ధం చెప్పారని, దొంగ కాగితం పెట్టారని తేలితే అది వేరే సెక్షన్. శాశ్వత నిషేధం పడుతుంది. ఆ తర్వాత మినహాయింపు కోసం విడిగా దేవులాడాలి, అదీ ఇస్తారన్న హామీ లేదు. మనవరాలి మొదటి పుట్టినరోజే కాదు, పెళ్ళికి కూడా వెళ్ళలేని స్థితి వస్తుంది. డీఎస్-160 ఎవరు నింపినా సరే, అందులో రాసినదానికి బాధ్యత దరఖాస్తుదారుదే. కన్సల్టెన్సీ ఆయనది కాదు. కౌంటర్ దగ్గర "కాఠ్మాండులో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు" అని మీ నాన్నగారిని అడిగితే ఏం చెప్తారు? ఊళ్ళో వరి కోయిస్తున్న మనిషి చేత ఆ మాట అనిపిస్తారా?

హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. అడిగిందానికి తిన్నగా చెప్తే చాలు. కాఠ్మాండులో తెలుగు తెలిసినవాళ్ళు దొరుకుతారన్న భరోసా ఏముంది?

ఆకివీడు చెరువుగట్టు:
దొంగ కాగితమని తెలియక మాట్లాడానండి, దాన్ని నేనూ సమర్థించను. అయితే ఎమర్జెన్సీ స్లాట్ అడగొచ్చు కదా? పురుడు కంటే అర్జెంటు ఏముంటుంది?

నర్సాపురం రేవు:
ఇవ్వరు. గర్భిణికి సాయంగా వెళ్ళడం ఎమర్జెన్సీ కిందికి రాదని వాళ్ళ సైట్లలోనే ఉంది. పెళ్ళిళ్ళు, కాలేజీ పట్టాల వేడుకలు కూడా అంతే.

తణుకు రిటైర్డ్:
ఒక మాట. మొదట్నుంచీ టూరిస్ట్ వీసా అంటున్నారు. వీళ్ళు తీసుకునేది బీ1/బీ2, దాన్ని విజిటర్ వీసా అంటారు. కాఠ్మాండులో ఉన్నది ఎంబసీ, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్నది కాన్సులేట్. కాగితాల దగ్గర మాట సరిగ్గా ఉండాలి.

ఆకివీడు చెరువుగట్టు:
ఎంబసీ అన్నా కాన్సులేట్ అన్నా వీసా ఒకటేనండి మాస్టారూ. ఆ అబ్బాయి కంగారులో ఉంటే ఇప్పుడు పేర్లు పెట్టే కార్యక్రమం దేనికి?

తణుకు రిటైర్డ్:
పేరు తేడా వల్ల ఎయిర్‌పోర్టులో ఆగిపోయినవాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నాను.

రాజోలు బాబాయ్:
ఆయ్, ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, ఇంతకీ మీ అమ్మానాన్నలు ఇంతకుముందు అమెరికా వెళ్ళారా?

పాలకొల్లు తమ్ముడు:
నాన్న వెళ్ళలేదండి. అమ్మ వెళ్ళొచ్చింది, పెదనాన్న కూతురి పురిటికి. అమ్మది ఎలాగూ వస్తుందని నాన్న గురించే టెన్షన్ పడుతున్నాం. ఆవిడ పదేళ్ళ వీసా ఈ మధ్యే అయిపోయింది.

అమలాపురం టీచరమ్మ:
ఈ మధ్యే అంటే ఎప్పుడు? తేదీ చూడండి, చాలా ముఖ్యం. పూర్తి గడువుతో ఇచ్చిన బీ1/బీ2 వీసా అయిపోయి 12 నెలలు దాటకపోతే, అది ఇచ్చేనాటికి ఆవిడకి 18 ఏళ్ళు నిండి ఉంటే (నిండే ఉంటాయి కదా), ఎప్పుడూ వీసా తిరస్కరించి ఉండకపోతే, ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్‌కి అర్హత ఉండొచ్చు. మన దేశంలో పెడితేనే సుమా. కావాలంటే ఇంటర్వ్యూకి పిలిచే అధికారం వాళ్ళకి ఉంటుంది. ఇదివరకు ఈ గడువు చాలా ఎక్కువ ఉండేది, 2025లో 12 నెలలకి తగ్గించారు. అందుకే తేదీ చూడమంటున్నాను. నాన్నగారికి మాత్రం ఇంటర్వ్యూ తప్పదు.

రాజోలు బాబాయ్:
నా సలహా వేరు. అర్హత ఉన్నా సరే, ఇద్దరూ కలిసి ఇంటర్వ్యూకి వెళ్తేనే మేలు. ఆవిడ వెళ్ళి, చెప్పిన టైంకి తిరిగొచ్చేశారు. ఆవిడ ఆయన పక్కన నిలబడి ఉంటే ఆయనకే బలం. రైతు ఒక్కడే వెళ్తే, భార్య అక్కడుంటే ఈయనా అక్కడే ఉండిపోతాడేమో అనుకోవచ్చు.

అమలాపురం టీచరమ్మ:
బాబాయ్ గారూ, పురుడు దగ్గర పడింది. ముందు తల్లి వెళ్ళగలగడం ముఖ్యం కదా. ఆవిడ చేతిలో వీసా పడ్డాక నాన్నగారు తర్వాత వెళ్ళినా ఫరవాలేదు.

రాజోలు బాబాయ్:
మొదటిసారి విమానం ఎక్కే మనిషిని ఒంటరిగా పంపిస్తారా అమ్మా? నేనైతే ఒప్పుకోను.

కువైట్ కోనసీమ:
ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ సాయం అడిగితే వాళ్ళే దగ్గరుండి ఎక్కిస్తారు. మా అమ్మ అలాగే కువైట్ వచ్చింది.

నర్సాపురం రేవు:
హైదరాబాద్ ఒక్కటే కాదు, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా కూడా చూడండి. ముందు దొరికిన తేదీ తీసుకోండి. 2025 జనవరి నుంచి ఉచితంగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. తొందరపడి ఆ ఒక్కటీ ఖర్చు పెట్టకండి.

అమలాపురం టీచరమ్మ:
నేపాల్ అని నింపిన ఫారం అలా వదిలేసి, ఇండియా ఎంచుకుని కొత్తది మొదలుపెట్టండి. స్లాట్ తీసుకునేటప్పుడు వేసే నంబరూ, చేతిలో ఉన్న డీఎస్-160 నంబరూ ఒకటే ఉండాలి. పాతదీ కొత్తదీ కలిసిపోకుండా చూసుకోండి.

ఇంకొకటి. ముందు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉన్న వీసా సెంటర్లో వేలిముద్రలు, ఫొటో, తర్వాత నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ. 79 ఏళ్ళ దాకా వేలిముద్రలు ఇవ్వాల్సిందే. మా నాన్నగారికి కొడవలి పట్టి పట్టి వేళ్ళ గీతలు అరిగిపోయాయి. రేషన్ డిపో మెషీన్ మీద బొటనవేలు ఎన్నిసార్లు పెట్టినా పడేది కాదు. మీ నాన్నగారూ కోతల్లో ఉన్నారంటున్నారు కాబట్టి చెప్తున్నా. నాలుగు రోజుల ముందు నుంచి రాత్రిళ్ళు చేతులకి కొబ్బరినూనె రాసుకోమనండి, వెళ్ళే రోజు పొద్దున్నే శుభ్రంగా కడుక్కోమనండి. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మీ నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టండి, బయటికొచ్చాక ఎవరినైనా అడిగి ఫోన్ చేసుకుంటారు.

రాజోలు బాబాయ్:
పొలం విలువ కట్టించిన రిపోర్టులంటూ వేలు తగలేయకు బాబూ. ఎన్నెకరాలు, ఏడాదికి ఎంత మిగులుతుంది, ఎన్నాళ్ళుంటారు, ఖర్చు ఎవరిది, ఈ నాలుగింటికీ ఆయన నోటితో నిజం చెప్పగలిగితే చాలు. సార్వా నాట్లకి తిరిగొచ్చేస్తానంటే అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

పాలకొల్లు తమ్ముడు:
అమ్మ పాత పాస్‌పోర్టు బీరువాలో దొరికింది. వీసా సంక్రాంతి వెళ్ళాకే అయిపోయింది, 12 నెలలు కాలేదు. ఇండియాలోనే పెడుతున్నాం. కన్సల్టెన్సీ ఆయనకి వద్దని చెప్పేశాను. థ్యాంక్సండి అందరికీ.

ఆకివీడు చెరువుగట్టు:
తేదీ ఎప్పటికి దొరికిందో ఇక్కడ రాయండి. మా అత్తగారికీ పెట్టాలి. ఆవిడ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంది.

తణుకు రిటైర్డ్:
ఎఫ్ఎన్‌యూ. పైన రాశాను, చదవండి.