అమెరికా నుంచి తెచ్చిన పాత వాల్వు గిటార్ యాంప్: కొనే ముందు ఏం చూడాలి?

ఆరుతీగలు (విజయవాడ):

మా చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయిస్తుంటాను. ఇంతకాలం ట్రాన్సిస్టర్ యాంప్‌తోనే సరిపెట్టుకున్నాను. హైదరాబాదులో ఒకాయన అమెరికాలో ఉద్యోగం ముగించుకుని వస్తూ ఇంటి సామానుతో పాటు తెచ్చుకున్న ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ అనే వాల్వు (గాజు గొట్టాల) యాంప్‌ను 60 వేల రూపాయలకు అమ్ముతానంటున్నారు. 40 వాట్లు, 12 అంగుళాల స్పీకరు ఒకటి, స్పీకరును నడిపే పవర్ విభాగంలో 6ఎల్6 వాల్వులు రెండు, గిటార్ సంకేతాన్ని మొదట పెంచే ప్రీయాంప్‌లో 12ఏఎక్స్7 వాల్వులు మూడు. వెనక పలక మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. ఆయన మన కరెంటు వోల్టేజీని సగానికి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నారు.

ఆయన పంపిన వీడియోలో ధ్వని బాగానే ఉంది గాని, ఫోను మైకును నమ్మి అంత డబ్బు పెట్టలేను. శనివారం వెళ్లి స్వయంగా వాయించి చూడాలనుకుంటున్నాను. లోపల విప్పి చూసే పరిజ్ఞానం నాకు లేదు. ఒక గంట ఎదురుగా కూర్చుని, స్క్రూ కూడా తిప్పకుండా, దాని ధ్వనినీ మన్నికనూ ఎంతవరకు అంచనా వేయవచ్చు? ఏ లోపాన్ని చూసీ చూడనట్టు వదిలేయవచ్చు, దేన్ని చూస్తే లేచి వచ్చేయాలి?

పాతవాల్వు (సికింద్రాబాదు):

రేడియోల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మీరు బయలుదేరే ముందే ఆయనకు ఫోను చేసి, మీరు వచ్చేదాకా యాంప్‌ను ఆన్ చేయవద్దని అడగండి. కొన్ని లోపాలు చల్లగా ఉన్నప్పుడే కనబడతాయి, కొన్ని బాగా వేడెక్కాక మాత్రమే బయటపడతాయి. రెండూ మీ కళ్ల ముందే జరగాలి.

ఆన్ చేశాక మొదటి కొద్ది నిమిషాలు వాయించకుండా వెనక నుంచి వాల్వులనే చూడండి. లోపల నారింజ రంగు వెలుగు మామూలే. 6ఎల్6 గాజు గోడకు అంటుకుని కనిపించే నీలి మెరుపుకు కూడా భయపడనక్కర లేదు. లోపలి బూడిదరంగు రేకు ఎర్రగా కాలడం మొదలైతే మాత్రం వెంటనే ఆపేయించాలి. గాజుకు లోపల వైపు ఉండే వెండి పూత తెల్లగా పాలిపోయి ఉంటే ఆ వాల్వులోకి గాలి చేరినట్టే, అది ఇక పనికిరాదు.

తరువాత గిటార్ తగిలించకుండా, వాల్యూమ్ సున్నా మీద పెట్టి చెవి ఒగ్గి వినండి. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. అమెరికా వాళ్ల వీడియోలలో ఫిల్టర్ కెపాసిటర్ల (లోపలి కరెంటును చదును చేసే భాగాల) హోరు 120 హెర్ట్జ్ అంటారు, ఎందుకంటే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, హోరు దానికి రెట్టింపు. మన కరెంటు 50 గనుక ఇక్కడ అది 100 హెర్ట్జ్ అవుతుంది. ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర పలికే జి స్వరం 98 హెర్ట్జ్ గనుక, హోరు ఆ స్వరానికి రవ్వంత పైన నిలబడితే అనుమానం కెపాసిటర్ల మీదకో, జత కుదరని పవర్ వాల్వుల మీదకో పోవాలి. దానికి ఒక స్థాయి కింద, 50 హెర్ట్జ్ దగ్గర మూలుగుతుంటే ఎర్త్ లేదా వాల్వులను వేడిచేసే హీటర్ తీగల సంగతి చూడాలి. వాల్యూమ్ పెంచినకొద్దీ హోరు పెరిగితే దాని పుట్టుక ప్రీయాంప్‌లో ఉంది. సున్నా మీద కూడా అంతే ఉంటే పవర్ విభాగంలో ఉంది. చెవి దగ్గర పెడితే తప్ప వినబడని హోరు ఏ వాల్వు యాంప్‌లోనైనా ఉంటుంది. గదికి అవతల నుంచి వినబడితే బేరం మారాలి.

ఇప్పుడు గిటార్ పెట్టి, పన్నెండో ఫ్రెట్ పైన ఒక్క స్వరాన్ని గట్టిగా మీటి సాగదీయండి. దాని కింద, మీరు వాయించని వేరే స్వరం అపశ్రుతిగా గొణుగుతుంటే ఫిల్టర్ కెపాసిటర్లు అలసిపోయినట్టు. ఈ మోడల్ 1996 నుంచి వస్తోంది కాబట్టి, తొలి సంవత్సరాలదైతే కెపాసిటర్లు మార్చే ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. పెన్సిలు వెనక భాగంతో మూడు 12ఏఎక్స్7లనూ మెల్లగా తట్టండి. మొదటి దానిలో 'టిక్' అని వినబడటం సహజం. గంట కొట్టినట్టు మోగుతూ ఉంటే ఆ వాల్వు మార్చుకోవాలి; అది పెద్ద ఖర్చు కాదు.

ఈ సర్క్యూట్‌లో ప్రత్యేకంగా చూడవలసింది ఒకటి ఉంది. చానల్ మార్చే రిలేలకు (విద్యుత్ స్విచ్‌లకు), ప్రతిధ్వని ఇచ్చే రివర్బ్‌కు కావలసిన 16 వోల్టుల సరఫరాను రెండు 470 ఓముల, 5 వాట్ల రెసిస్టర్ల గుండా దింపుతారు. అవి చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ వాటి కాళ్ల దగ్గర సోల్డరింగ్ పగులుతుంది. అందుకే అరగంటకు పైగా గట్టిగా వాయించాక చానల్ మళ్లీ మళ్లీ మార్చి చూడండి, రివర్బ్ పెంచి చూడండి. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడిలో మొరాయిస్తే కారణం దాదాపుగా అక్కడే దొరుకుతుంది. మెకానిక్‌కు అది ఒక పూట పని.

వాల్వులు దొరకవేమోనన్న బెంగ వద్దు. ఒకప్పుడు బెంగళూరులోని బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కర్మాగారంలో రేడియో వాల్వులు తయారయ్యేవి. ఇప్పుడు స్లొవేకియా కంపెనీ జేజేవి, రష్యా, చైనా వాల్వులు తెప్పించుకుంటున్నాం. చివరగా, ఎవరు ధైర్యం చెప్పినా మీరు మాత్రం ఛాసీ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) విప్పవద్దు. ప్లగ్ పీకిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

టెక్సాస్ తెలుగువాడు (డాలస్):

నాకూ ఇదే మోడల్ ఉంది గనుక 120 వోల్టుల సంగతి వరకు చెబుతాను. రెండుకు ఒకటి నిష్పత్తి ఉన్న స్టెప్‌డౌన్ 230కి 115 ఇస్తుంది, అది క్షేమమే. రాత్రి పొద్దుపోయాక లైను 250కి ఎక్కితే 125 వస్తుంది, దానితో పాటు హీటర్ వోల్టేజీ కూడా పెరుగుతుంది. కాబట్టి మల్టీమీటర్ తీసుకెళ్లి స్టెప్‌డౌన్ అవుట్‌పుట్ ఎంత ఉందో చూడండి. ప్లగ్గు దగ్గర కొలవడం అలవాటు లేకపోతే ఆయననే కొలిచి చూపమనండి. వోల్టేజీ సరిపోయినా హెర్ట్జ్ మారదు. 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే దాని ఇనుప కోరులో అయస్కాంత భారం ఐదో వంతు పెరిగి, అక్కడికంటే ఎక్కువ వేడెక్కుతుంది. గంట తరువాత ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి వార్నిష్ కాలిన వాసన వస్తోందేమో చూడటం అందుకే అవసరం.

అంతకంటే ముఖ్యమైనది ఎర్త్. చవక స్టెప్‌డౌన్‌లు చాలావాటికి అవుట్‌పుట్ వైపు రెండు రంధ్రాలే ఉంటాయి. అప్పుడు యాంప్ మూడో పిన్ను గాలిలో ఉన్నట్టే, గిటార్ తీగలకూ భూమికీ సంబంధం తెగినట్టే. మీరు చర్చిలో గిటార్ పట్టుకుని మైకు ముందు పాడతారు. తీగల మీద వేళ్లు ఉండగా పెదవి మైకుకు తగిలితే షాకు కొట్టవచ్చని చెప్పనక్కర లేదు. ఎర్త్ మూడో పిన్ను దాకా తెగకుండా వచ్చే స్టెప్‌డౌన్, యాంప్ వెనక పలక మీద కరెంటు వాడకంగా రాసిన వాట్లకు (ధ్వని 40 వాట్లకు కాదు) కనీసం రెట్టింపు సామర్థ్యం గలది, విడిగా కొనుక్కోండి. "లోపల ఒక వైరు మారిస్తే 230కి అయిపోతుంది" అని ఆయన అంటే, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ చుట్టు ఉందో లేదో తెరిచి చూసిన మెకానిక్ మాట తప్ప మరొకటి నమ్మవద్దు.

తీరంలో_శ్రుతి (విశాఖపట్నం):

పెద్దలు చెప్పినవన్నీ నిజమే గాని, సోల్డరింగునూ వాల్వులనూ ఎవరైనా బాగుచేయగలరు. మీకు నచ్చని ధ్వనిని ఎవరూ బాగుచేయలేరు. కాబట్టి మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్లి, పెడల్ ఏదీ లేకుండా, ట్రెబుల్, మిడిల్, బాస్ మూడూ సగానికి పెట్టి శుభ్రమైన (క్లీన్) చానల్ మీదే ఎక్కువసేపు గడపండి. నెక్ పికప్ (గిటార్ మెడ వైపు పికప్) మీద ఒకే పట్టును మెల్లగా, మామూలుగా, గట్టిగా మీటి చూడండి. మంచి స్థితిలో ఉన్న యాంప్ గట్టిగా మీటినప్పుడు కొద్దిగా అణిగి మళ్లీ లేస్తుంది, మెల్లగా మీటినప్పుడు వేళ్ల కదలికను దాచదు. అన్నింటికీ ఒకే తీరుగా మొద్దుబారి పలికితే పవర్ వాల్వులు అరిగిపోయి ఉండవచ్చు. ఈ మోడల్ డ్రైవ్ చానల్ (ధ్వనిని గరుకుగా పలికించేది) నా చెవికి ముక్కుతో మాట్లాడినట్టే ఉంటుంది. దానిని చూసి లోపమనుకోవద్దు, దాని కోసం కొననూ వద్దు.

ఆరో తీగను వదిలి మీటి, స్పీకరు దగ్గర గరగర వస్తోందేమో వినండి. వస్తే ముందు వదులైన స్క్రూలను అనుమానించాలి. తరువాత యాంప్ ఆపి, స్పీకరు ముందరి కాగితపు కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కాలి. గీసుకుంటున్నట్టు తగిలితే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) చెడింది. మధ్యమధ్యలో ధ్వని పడిపోతుంటే వెనక ఉన్న 'ప్రీయాంప్ అవుట్', 'పవర్ యాంప్ ఇన్' జాక్‌ల మధ్య ఒక చిన్న కేబుల్ వేయండి. ధ్వని సరి అయిపోతే జాక్‌ల దుమ్మే కారణం.

ఒక సందేహం కూడా మీ ముందు పెడతాను. చర్చిలో ఎలాగూ యాంప్‌కు మైకు పెడతారు, మరి 40 వాట్లు ఎందుకు? ఫెండర్ వారిదే 15 వాట్ల చిన్న యాంప్ బ్లూస్ జూనియర్‌తో పోలిస్తే శబ్దంలో తేడా దాదాపు 4 డెసిబెల్సే, బరువులో తేడా మాత్రం మీ భుజానికి తెలుస్తుంది. పైగా ఈ మోడల్ పాత విడతల్లో వాల్యూమ్ ఒకటి నుంచి మూడుకు వచ్చేసరికే మీద పడుతుంది. మీరు ఆదివారం వాడే స్థాయిలో నాబ్ ఎక్కడ నిలుస్తుందో అక్కడే వాయించి తీర్పు చెప్పుకోండి.

ఆరుతీగలు (విజయవాడ):

వెళ్లి వచ్చాను, అందరికీ కృతజ్ఞతలు. చల్లగా ఉండగానే మొదలుపెట్టాం. వాల్వుల వెండి పూత శుభ్రంగా ఉంది. సున్నా మీద హోరు జి స్వరానికి కొంచెం పైన, చెవి ఆనిస్తేనే వినబడేంత ఉంది. మొదటి 12ఏఎక్స్7 తట్టినప్పుడు గంటలా మోగింది. గంటసేపు వాయించాక కూడా చానళ్లు, రివర్బ్ తడబడలేదు. శుభ్రమైన చానల్ ధ్వని వింటూ లేచి రాబుద్ధి కాలేదు. తీరంలో_శ్రుతి గారి సందేహం సబబే గాని, నా మనసు దీని మీదే ఉంది. స్టెప్‌డౌన్‌కు రెండు రంధ్రాలే ఉన్నాయి. నన్ను ఆపింది మాత్రం వేరే విషయం. ఫ్యూజు బయటకు తీయించి చూస్తే, పలక మీద రాసిన విలువ కంటే పెద్దది వేసి ఉంది. తాను కొన్నప్పటి నుంచి అదే ఉందని, ఎందుకు వేశారో తెలియదని ఆయన అన్నారు. బయానా ఇవ్వలేదు.

పాతవాల్వు (సికింద్రాబాదు):

ఇవ్వకపోవడమే మంచిదైంది. పెద్ద ఫ్యూజు వేశారంటే చేతికి అదే దొరికి వేసి ఉండవచ్చు, లేదా సరైన ఫ్యూజు పదేపదే ఎగిరిపోతుంటే విసిగి వేసి ఉండవచ్చు. రెండోది నిజమైతే ఎప్పుడో ఒక పవర్ వాల్వు లోపల షార్టయి ఉంటుంది, దాని వెంట ఆ వాల్వులకు తగిలించిన స్క్రీన్ రెసిస్టర్లు, ఒక్కోసారి వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా దెబ్బతింటాయి. బాగా పలుకుతోంది గనుక ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉండవచ్చు, అయినా చూడకుండా 60 వేలు పెట్టవద్దు.

ఆయనను ఒప్పించి, డబ్బు చేతులు మారకముందే ఎవరైనా వాల్వు పని తెలిసిన మెకానిక్ దగ్గర తెరిపించండి. స్క్రీన్ రెసిస్టర్లు గోధుమరంగుకు తిరిగాయేమో, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (వాల్వుల వైపు చుట్టు) రెండు సగాల రెసిస్టెన్స్ దగ్గరదగ్గరగా ఉందో లేదో చూడమనండి. సరైన ఫ్యూజు వేసి, టీపీ30 అనే కొలత బిందువు దగ్గర బయాస్‌ను (పవర్ వాల్వుల నిలకడ కరెంటును) 60 మిల్లీవోల్టులకు సరిచేసి, ఒక గంట నడిపించమనండి. ఆ గంటలో ఫ్యూజు నిలిస్తే కొనవచ్చు. అప్పుడు మోగుతున్న వాల్వు ధర, మెకానిక్ కూలి ఆయన చెప్పిన ధరలోంచి తీయమని అడగండి. ఆ స్టెప్‌డౌన్‌ను మాత్రం ఉచితంగా ఇస్తానన్నా తెచ్చుకోవద్దు. తెరవడానికే ఒప్పుకోకపోతే ఇంకొకటి వెతుక్కోండి. ఈ మోడల్ అరుదైనదేమీ కాదు.