మహమ్మడన్ తొలి సీజన్: జీతాలు అందక ఓడిందా, ఆట చాలక ఓడిందా?

గంటస్తంభం, విజయనగరం:
కోల్‌కతాలోని మహమ్మడన్ స్పోర్టింగ్ 1891లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు. కలకత్తా లీగును గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదేళ్లు ఆ లీగును ఎవరికీ వదలలేదు. అంత చరిత్ర ఉన్న జట్టు దేశంలో రెండో స్థాయి పోటీ అయిన ఐ లీగ్‌ను 2023-24లో 24 మ్యాచ్‌లకు 52 పాయింట్లతో గెలిచి, పైస్థాయి అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లోకి ఆట మీదే అడుగుపెట్టింది. 2024-25 అక్కడ దాని మొదటి సీజన్. 24 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 7 డ్రాలు, 15 ఓటములు, మొత్తం 13 పాయింట్లు, 13 జట్లలో ఆఖరి స్థానం. జట్టంతా కలిసి కొట్టిన గోల్స్ 12 అయితే, నార్త్ ఈస్ట్ యునైటెడ్ తరఫున అజారై ఒక్కడే 23 కొట్టాడు. 2025 జనవరి నెలాఖరులో రష్యా కోచ్ చెర్నిషోవ్ తనకు మూడు నెలలుగా జీతం అందలేదని ప్రకటించి తప్పుకున్నాడు. నిన్న సాయంత్రం రాజీవ్ స్టేడియం బయట టీ కొట్టు దగ్గర మా నలుగురి మధ్య ఇదే వాదన చీకటి పడేదాకా సాగింది, తేలలేదు. పతనానికి మూలం డబ్బు అందకపోవడమా, పైస్థాయికి ఆ జట్టు సరిపోకపోవడమా? దయచేసి విషయం మీదే రాయండి.

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
జీతాల మాట బయటికి వచ్చింది జనవరిలో. ఇప్పుడు అందరూ సెప్టెంబరు నుంచి జరిగిన ఓటములన్నిటికీ దానినే అంటగడుతున్నారు. నేను ఒక్క మ్యాచ్ గురించే అడుగుతాను. 2024 నవంబరు 9, ఈస్ట్ బెంగాల్‌తో ఆడిన మ్యాచ్. అప్పటికి ఈస్ట్ బెంగాల్ ఆ లీగ్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడి ఉంది. అరగంట తిరిగేసరికి ఆ జట్టులో నందకుమార్, మహేశ్ సింగ్ ఇద్దరూ ఎర్ర కార్డులతో బయటికి వెళ్లిపోయారు. అక్కడి నుంచి దాదాపు గంటసేపు పదకొండు మంది తొమ్మిది మందితో ఆడి ఒక్క గోల్ కొట్టలేకపోయారు. 0-0. ఎదుట మనుషులు తక్కువైనప్పుడు బంతిని ఒక అంచు నుంచి రెండో అంచుకు త్వరగా మార్చాలని, డిఫెన్సు పక్కకు జరిగి ఖాళీ పడగానే లోపలికి దూసుకుపోవాలని హైస్కూలు పిల్లలకే నేర్పుతాం. ఇందులో జీతం ప్రమేయం ఎక్కడుంది? పంజాబ్ జట్టు కూడా ఇలాగే ఐ లీగ్ గెలిచి 2023-24లో పైకి వచ్చింది. మొదటి సీజన్‌లోనే 22 మ్యాచ్‌లకు 24 పాయింట్లు తెచ్చుకుని ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆట ఉన్నవాడు నిలబడతాడు.

పలాస కుర్రాడు:
మాస్టారి మాటే నా మాట. తొమ్మిది మంది మీద గోల్ కొట్టలేని జట్టును వెనకేసుకురావడం కష్టం.

నాగావళి, శ్రీకాకుళం:
మాస్టారూ, నమస్కారం. నేను లెక్కలు రాసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి తారీఖులు ముందు చూస్తాను. జనవరి నెలాఖరున ఒక మనిషి మూడు నెలల జీతం రాలేదన్నాడంటే, ఆ కొరత మొదలైంది ఇంచుమించు నవంబరులో. మీరు పట్టుకున్న మ్యాచ్ కూడా నవంబరుదే. బయటికి చెప్పిన రోజున కష్టం మొదలైందని ఎవరూ అనుకోకూడదు. మనిషి చెప్పుకునేదాకా వచ్చాడంటే అప్పటికే చాలా ఓర్చుకున్నాడని అర్థం. పంజాబ్‌తో పోలిక కూడా నాకు సమ్మతం కాదు. ఆ జట్టు వెనుక స్థిరంగా డబ్బు పెట్టే యాజమాన్యం ఉంది. ఒకే మెట్టు ఎక్కారు కదా అని ఇద్దరినీ ఒకే త్రాసులో వేయడం న్యాయం కాదు.

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
అమ్మా, మీ లెక్క ప్రకారమే వెళ్దాం. జీతం లేని ఆ మూడు నెలల్లోనే, జనవరి 11న బెంగళూరును వాళ్ల మైదానంలో 1-0తో ఓడించారు. కాసిమోవ్ కొట్టిన ఫ్రీకిక్ అది. నాలుగు రోజుల తరువాత చెన్నైతో రెండు గోల్స్ వెనుకబడి, నిర్ణీత సమయం ముగిశాక రెండూ కొట్టి 2-2 చేశారు. జీతం లేకపోవడమే కారణమైతే సీజన్ మొత్తంలో మంచి ఆట సరిగ్గా జీతం లేని నెలలోనే ఎలా వచ్చింది? అంటే వచ్చినా రాకపోయినా ఆటకు సంబంధం లేదన్నమాట. నవంబరు 9కి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

నాగావళి, శ్రీకాకుళం:
మీరు చెప్పిన రెండు మ్యాచ్‌లూ నా వైపే సాక్ష్యం చెబుతున్నాయి. బెంగళూరులో గెలవగలిగినవాళ్లకు, ఇంజురీ టైంలో రెండు గోల్స్ కొట్టగలిగినవాళ్లకు ఆట రాదని మీరెలా అంటారు? ఆట ఉంది. దానిని నెల తరువాత నెల నిలబెట్టే ఆసరా లేదు. ఒకటి రెండు రోజులు పంతం మీద పని చేయవచ్చు, ఏడాదంతా చేయలేరు.

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
మా తాతగారు టెక్కలి నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, నేను ఇక్కడే పుట్టాను. 2024 అక్టోబరు 26న కిశోర్ భారతి మైదానంలో మహమ్మడన్, హైదరాబాద్ మ్యాచ్ చూశాను. తొలి పావుగంటలోనే హైదరాబాద్ మూడు గోల్స్ కొట్టింది, చివరికి 4-0. నా పక్కన నలుపు తెలుపు చారల మఫ్లరు వేసుకున్న ముసలాయన మూడో గోల్ పడగానే మఫ్లరు తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో దాచుకున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. చివరిదాకా కూర్చున్నాడు. సీజన్ మొత్తంలో ఆ జట్టు గెలిచిన రెండు మ్యాచ్‌లూ చెన్నైలో, బెంగళూరులో జరిగినవే. సొంత ఊరి ప్రేక్షకులు ఒక్క గెలుపూ చూడలేదు.

మరో సంగతి. ఆ రోజు గెలిచిన హైదరాబాద్ కూడా 2022లో ఛాంపియన్. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు పడి, పెద్ద ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా, 2023-24లో కుర్రాళ్లతో నెట్టుకొచ్చి 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లతో ఆఖరున నిలిచింది. ఆ సీజన్‌లో వాళ్లకు ఆట రాదని మన తెలుగువాళ్లెవరూ అనలేదు, అందరం యాజమాన్యాన్నే తప్పుపట్టాం. మహమ్మడన్ విషయంలో కొలత మారడం నాకు బాధగా ఉంది.

ఆముదాలవలస:
ఖరగ్‌పూర్ అన్నగారి ప్రశ్నకు ఎవరైనా సమాధానం చెప్పాలి.

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
చెబుతాను. ఆ హైదరాబాద్ కుర్రాళ్లు జీతాల గురించి మాట్లాడుతూ కూర్చోలేదు, దిగి ఆడారు. నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లలను పోటీలకు తీసుకువెళ్తున్నాను. రైలు ఖర్చులు, అరటిపళ్లు, మోకాలికి కట్టే క్రేప్ బ్యాండేజీ, చాలాసార్లు బూట్లు కూడా నా చేతి డబ్బే. పెట్టిన బిల్లుల్లో సగం ఈనాటికీ రాలేదు. అయినా ఒక్క ఉదయం గ్రౌండుకు వెళ్లడం మానలేదు. డబ్బు రాలేదు కాబట్టి ఆడలేదని పెద్ద ఆటగాళ్ల తరఫున మీరు వాదిస్తే, రేపు మా పిల్లలు కూడా అదే నేర్చుకుంటారు.

నాగావళి, శ్రీకాకుళం:
క్షమించండి మాస్టారూ, ఈ మాట అనకుండా ఉండలేకపోతున్నాను. మీకు బిల్లులు రాలేదు, అది అన్యాయమే. కానీ ఒకటో తారీఖున మీ జీతం మీకు వచ్చింది. అది ఉండబట్టే మీరు అరటిపళ్లు కొనగలిగారు.

మా నాన్నగారు హుగ్లీ ఒడ్డున ఒక జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు మగ్గం మీద పని చేశారు. అక్కడ జీతాన్ని హప్తా అంటారు. హప్తా అందిన రోజున చీటీ మీద లెక్క చూసుకుని, ఇంటికి పంపవలసింది విడిగా రుమాలులో కట్టేవారు. ఒక ఏడాది పూజలకు ముందు మిల్లు గేటుకు లాకౌట్ నోటీసు అంటించారు. అంతకు ముందు ఏడు హప్తాలు బాకీ. ఆ ఏడు వారాలూ ఆయన డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు. దారం తెగుతోందని, పని నాసిగా ఉందని ఆయనకే జరిమానా రాశారు. పస్తుతో నిలబడ్డ మనిషికి దారం ఎందుకు తెగుతోందని ఎవరూ అడగలేదు. మీరు నవంబరు 9 అన్న ప్రతిసారీ నాకు ఆ జరిమానా చీటీయే కనిపిస్తోంది.

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
మీ నాన్నగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ లక్షల్లో ఒప్పందాలు రాసుకునే ఆటగాళ్లను మగ్గం కార్మికుడితో పోల్చడం సరికాదు. ఇక ఈ చర్చలో నేను మాట్లాడను.

గంటస్తంభం, విజయనగరం:
ఇద్దరూ పెద్దవారు, ఇద్దరికీ మనవి. మాస్టారు వెళ్లిపోతే ఈ చర్చకు అర్థం ఉండదు.

పలాస కుర్రాడు:
మాస్టారి మాటే నా మాట అని పైన రాశాను. హప్తాల సంగతి చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
రాత్రంతా ఆలోచించి మళ్లీ రాస్తున్నాను. నాగావళి గారు అన్న మాటలో తప్పు లేదు. నేను ఆ ఒక్క మ్యాచ్‌ను ఎందుకు వదలలేకపోతున్నానో చెప్పకుండా వాదించడం మాత్రం నా తప్పు.

నాలుగేళ్ల క్రితం నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. ఎడమకాలి ఆటగాడు. కార్నర్ వేసేముందు బంతిని రెండు చేతులతో తిప్పి, గాలి ఎక్కించే రంధ్రం తన వైపు ఉండేలా పెట్టుకుని మరీ కొట్టేవాడు. దూరపు ఊళ్లో ఒక క్లబ్బు వాడిని తీసుకుంది. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పి సంతకం పెట్టించింది నేనే. రెండు నెలలు జీతం వచ్చింది, ఆ తరువాత ఆగిపోయింది. వాడు ఫోన్ చేసి వచ్చేస్తానన్నాడు. ఆటగాడన్నవాడు ఓర్చుకోవాలని, ఇంకో రెండు నెలలు ఉండమని నేనే చెప్పాను. ఉన్నాడు. మెస్‌లో భోజనం ఆపేశారు. బలం తగ్గింది, పరుగు తగ్గింది, చివరికి ఆట చాలదని పంపేశారు. ఇప్పుడు పలాసలో జీడిపిక్కల బట్టీ దగ్గర పని చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి కనిపించి, నాకు ఆట సరిపోలేదు మాస్టారూ అని వాడే నాకు సర్దిచెప్పాడు.

మహమ్మడన్ ఆట చాలక ఓడిందని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే. జీతం లేకపోవడమే కారణమని ఒప్పుకుంటే, ఆ కుర్రాడి విషయంలో నేను చెప్పింది తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటున్నాను. తొమ్మిది మంది మీద గోల్ రాకపోవడం ఆటలోని లోపమేనని మాత్రం ఇప్పటికీ అంటాను.

నాగావళి, శ్రీకాకుళం:
ఆ లోపం నేనూ కాదనను మాస్టారూ. మీ జీతం ఎత్తి మాట్లాడినందుకు నన్ను మన్నించండి.

ఆముదాలవలస:
ఆ తమ్ముడు ఇప్పుడు ఆడుతున్నాడా మాస్టారూ?

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
ఆదివారాలు ఆడతాడు. బూట్లు లేకుండా.

ఇంకొక సంగతి అడగాలి. నా దగ్గర పదిహేడేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. కోల్‌కతాలో ఒక చిన్న క్లబ్బు ట్రయల్‌కు పిలిచింది. పంపమంటారా అని వాళ్లమ్మ మూడు రోజులుగా అడుగుతోంది, నేను జవాబు చెప్పలేదు. కాగితంలో ఏమేమి చూడాలో తెలిసినవారు చెప్పండి.

నాగావళి, శ్రీకాకుళం:
పంపండి. కాగితం మాత్రం నాకు ముందే చూపించండి. ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి ప్రొఫెషనల్ ఒప్పందం రాయించుకోకూడదు. జీతం రెండు నెలలు నిలిచిపోతే, ఆటగాడు బకాయి అడుగుతూ క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం పదిహేను రోజులు గడువు పెట్టాలి. అప్పటికీ చెల్లించకపోతే తగిన కారణంతోనే ఒప్పందం వదిలినట్టు లెక్క. ఫోన్‌లో అడిగితే లెక్కలోకి రాదు, రాసి పంపి నకలు దగ్గర పెట్టుకోవాలి. జీతం ఏ తారీఖున ఇస్తారో, బస, భోజనం ఎవరి బాధ్యతో ఒప్పందంలోనే ఉండాలి. ఒక ప్రతి వాళ్లమ్మ దగ్గర ఉంచండి, తెలుగులో నేను రాసి ఇస్తాను.

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
మాస్టారూ, ఏ రైలుకు వస్తాడో చెప్పండి. ఖరగ్‌పూర్‌లో ఎక్కి హౌరా దాకా నేను వెంట వెళ్తాను. ట్రయల్ అయ్యేవరకు మా ఇంట్లో ఉంటాడు, అన్నానికి లోటు ఉండదు.

పీఈటీ మాస్టారు, గజపతినగరం:
వచ్చే బుధవారం, ఫలక్‌నుమా. వాళ్లమ్మకు ఇప్పుడే చెప్పి వస్తాను. కాగితం సాయంత్రానికి మీకు పంపుతానమ్మా.