బీటెక్ అయ్యాక డిజైన్‌లో పీజీ: మన సీమ పిల్లలకు పనికొచ్చే చదువేనా?

ధర్మవరం పెద్దోడు:
అందరికీ నమస్తే. మా చెల్లెలు ఈ ఏడాదే అనంతపురంలో మెకానికల్ బీటెక్ పూర్తి చేసింది. చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ తేదీ మాత్రం ఇంకా రాలేదు. ఇప్పుడేమో జనవరిలో సీడ్ (డిజైన్ పీజీ సీట్లకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాస్తా, ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) చేస్తా అంటోంది. మా నాన్నది నేత పని. "మగ్గం గుంతలోంచి మిమ్మల్ని బయటపడేయాలనే కదా చదివించింది, మళ్లీ రెండేళ్లు బొమ్మలు గీస్తానంటావేంది?" అని ఆయన. నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది. రెండ్రోజులుగా ఇంట్లో అన్నం దగ్గర ఎవరూ మాట్లాడుకోవడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గట్టు కింద కర్నూలు:
వద్దు తమ్ముడూ. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి ఎక్కడికి పోతుంది? కొత్తది కనిపెట్టాలంటే డిగ్రీ కావాలా? చింతకింది మల్లేశం చదివింది ఆరో తరగతి. నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. అట్లా ఆసు పోసీ పోసీ వాళ్లమ్మకు భుజం పడిపోతుంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేసినాడు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ తిరగాల్సిన పని అది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఏ డిజైన్ స్కూలుకు పోయినాడు? బుర్ర ఉంటే బుర్రే దారి చూపిస్తుంది. లేకపోతే రెండేళ్లూ ఐడియాలు రాసిన పసుపు చీటీలు గోడకు అంటించి రావడమే.

చెనిక్కాయ చెట్టు:
నేను ఎం.డెస్ చేసినాను, మాది కళ్యాణదుర్గం వైపు. మల్లేశం గారి ఉదాహరణ ప్రతిచోటా చెబుతారు కానీ ఆ యంత్రం 1999లో పూర్తయ్యేదాకా ఆయన పడిన ఏళ్లు ఎవరూ లెక్కపెట్టరు. డబ్బుల్లేక మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టి, ఊళ్లో మాటలు పడి చేసినాడాయన. అంత ఓర్పు అందరికీ ఉండదు. అందరూ అంత కష్టం పడే నేర్చుకోవాలని రూలు కూడా లేదు.

చదువులో ఏం నేర్పుతారో నా సంగతే చెబుతా. మొదటి ఏడాది ప్రాజెక్టుకు చెనిక్కాయలు (వేరుశనగ) పెరికే పని తీసుకున్నా. మా ఊరే కదా, నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నా. ఆడవాళ్లు పొద్దున్నుంచి కూర్చుని చెట్టు చెట్టుకూ కాయలు పెరుకుతారు, వేళ్లు పగుళ్లిస్తాయి. కాబట్టి చేత్తో తిప్పే చిన్న డ్రమ్ము ఒకటి చేస్తే చాలు అనిపించింది. చేసినా. కాయలు బాగానే రాలినాయి. దాన్ని చేనుకు తీసుకుపోతే మా పెద్దమ్మ కాయల వైపు చూడనే లేదు. డ్రమ్ములోంచి నలిగి బయటపడిన చెనిక్కాయ కట్టెను (కాయలు తీసేసిన చెట్టును) చేత్తో ఎత్తి, "ఇట్ల ముక్కలైతే ఎనుములకు ఏం పెట్టాల?" అనింది. కరువు ఏడు కాయ చేతికి రాకపోయినా ఆ కట్టే పశువులను బతికిస్తుందని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసీ నా డ్రాయింగులో దానికి చోటే లేదు. మా ప్రొఫెసర్ ఆ డ్రమ్ముకు మార్కులు వేయలేదు, పెద్దమ్మ మాట రాసుకొచ్చిన పేజీకి వేసినాడు. బీటెక్‌లో నాలుగేళ్లూ "ఈ లెక్క చెయ్యి" అన్నారే గానీ, అసలు లెక్క ఏదో కనుక్కుని రమ్మని ఎవరూ అనలేదు.

గట్టు కింద కర్నూలు:
బాగుంది అక్కా, నిజంగానే. మరి కట్టె నలగని యంత్రం తయారైందా?

చెనిక్కాయ చెట్టు:
లేదు. రెండో నమూనా వరకు వచ్చింది. తర్వాత సెమిస్టరు అయిపోయింది.

గట్టు కింద కర్నూలు:
ఇప్పుడు మీరు ఏం పని చేస్తున్నారు?

చెనిక్కాయ చెట్టు:
బెంగళూరులో. బ్యాంకు యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తా. జీతం బాగుంటుంది.

గట్టు కింద కర్నూలు:
నేను చెప్పేది అదే కదా! పెద్దమ్మ చేను మీద నేర్చుకుంటిరి, బ్యాంకు యాప్‌కు అమ్ముకుంటిరి. తప్పు పట్టడం లేదు, అందరం అదే చేస్తాం. ఈ చదువు సీమకు మేలు చేస్తుందని మాత్రం చెప్పొద్దు. పెద్దమ్మ దగ్గర సమస్య ఉంది, డబ్బు లేదు. డబ్బున్నోడి సమస్య బెంగళూరులో ఉంది.

చెనిక్కాయ చెట్టు:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఆ అమ్మాయి అడిగింది తన చదువు గురించి. సీమను ఉద్ధరించే బాధ్యత ఎం.డెస్ చదివేవాళ్ల మీదే ఎందుకు పెడతారు? సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లను ఎప్పుడైనా అడిగినారా?

పాత లెక్చరర్, కడప:
వాదన మధ్యలో రెండు మాటలు. విషయం తెలియకుండా డబ్బు కట్టేవాళ్లను చాలామందిని చూశాను.

సీడ్ పరీక్షను ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. మొదటి భాగం కంప్యూటర్ మీద, రెండో భాగంలో కాగితం మీద చేత్తో గీయాలి. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. స్కోరు వచ్చినంత మాత్రాన సీటు రాదు, ఒక్కో సంస్థకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంటర్వ్యూలు ఉంటాయి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)కి పరీక్షే వేరు. మనకు దగ్గరలో బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ఐఐటీ ఉన్నాయి. కర్నూలులో జగన్నాథగట్టు మీద 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ పేరులో డిజైన్ అన్న మాట ఉంది కదా అని ఇదీ అదీ ఒకటే అనుకోవద్దు. అది ముఖ్యంగా ఇంజినీరింగ్ సంస్థ.

ఇక 'ఇన్నోవేషన్' అని బోర్డు పెట్టిన ప్రతి కోర్సునూ నమ్మకండి. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇన్నోవేషన్ ల్యాబ్ ఉండేది. త్రీడీ ప్రింటర్ మీద దుప్పటి కప్పి, గదికి తాళం వేసేవాళ్లు. తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రం దుప్పటి తీసి, దండ వేసేవాళ్లు. చేరేముందు వర్క్‌షాప్ చూడండి. నేల మీద చెక్కపొట్టు, విరిగిన నమూనాలు కనిపిస్తే అక్కడ పని జరుగుతున్నట్టు. అద్దంలా మెరుస్తుంటే వెనక్కి వచ్చేయండి.

రూపాయి గుర్తు గీసిన ఉదయ కుమార్ ఐఐటీ బాంబే డిజైన్ విభాగంలోనే చదివారు.

గట్టు కింద కర్నూలు:
సార్, 2010 నుంచి ఆ ఒక్క పేరే వింటున్నాం. మిగతావాళ్లు ఏమైనారు?

పాత లెక్చరర్, కడప:
మిగతావాళ్లు చేసినవి మీరు రోజూ వాడుతూనే ఉంటారు. వస్తువు మీద డిజైనర్ పేరు రాయరు కదా బాబూ.

ధర్మవరం పెద్దోడు:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి జరిగింది చెబుతా. మా చెల్లి ఒక కాగితం మీద మా ఇంటి మగ్గం గీసింది. జకార్డును (మగ్గం మీద ఉండే, చీరలో డిజైన్ నేసే పరికరాన్ని) ఎత్తడానికి నాన్న కాలితో తొక్కే చెక్క, దాని తాళ్లు, అంతా. సాయంత్రానికల్లా ఆయన కుడి మోకాలు ఎందుకు వాస్తుందో కనుక్కోవాలని చెల్లి ఉద్దేశం. నాన్న పక్కనుంచి పోతూ చూసి ఆగినాడు. "తాడు అక్కడికి కట్టినావేంది, రోజూ చూస్తావు కదా" అని పెన్సిల్ తీసుకుని దిద్దినాడు. ఆ తర్వాత జకార్డుకు వేసే డిజైన్ అట్టల వరస కూడా తప్పని అదీ దిద్దినాడు. చదువుకు ఒప్పుకున్నాడని మాత్రం అనుకోవద్దు. పొద్దున మళ్లీ అదే మాట, ఉద్యోగంలో చేరమని.

సీడ్‌కు దరఖాస్తు పెట్టేస్తున్నాం. ఈలోపు జాయినింగ్ తేదీ వస్తే పోయి చేరుతుంది, పరీక్ష కూడా రాస్తుంది. అంతవరకు నాన్నకు చెప్పినాను. ఫీజు, లోన్ సంగతి సీటు వచ్చినప్పుడు చూద్దాం.

గట్టు కింద కర్నూలు:
నా మాట నాదే తమ్ముడూ, మారలేదు. ఆ బొమ్మ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. మా మామది కూడా గుంత మగ్గమే, ఆయన తొక్కే చెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఆదివారం పోయినప్పుడు కొలిచి పంపిస్తా.