గ్రాన్యులా (పాతకాలపు గోధుమ సీరియల్) ఇంట్లో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని, మెత్తబడేలోపే కరకరలాడుతుండగా తినేయడం నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టంతోనే వీటి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అమెరికాలోని డాన్స్‌విల్‌లో డాక్టర్ జేమ్స్ కేలెబ్ జాక్సన్ 1863లో ‘గ్రాన్యులా’ తయారుచేశారు. పొట్టు తీయని గోధుమల పిండిని కలిపి కాల్చి, ముక్కలు చేసి, మళ్లీ కాల్చేవారట. ఎంత గట్టిగా ఉండేదంటే రాత్రంతా నానబెడితే తప్ప నమలలేరు! కెలాగ్ సోదరుల గోధుమ రేకులు వచ్చింది ఆ తర్వాత, 1894లో.

ఈ గ్రాన్యులాను నేను రెండుసార్లు ప్రయత్నించాను. పైన మాడిపోతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది. ఓవెన్ వేడి ఎంత పెట్టాలి? పిండిని ఎంత పలచగా పరవాలి? నానబెట్టేది నీళ్లలోనా, పాలలోనా? చేసి తిన్నవాళ్లుంటే రుచి ఎలా ఉందో కూడా చెప్పండి, ప్లీజ్.