స్టార్‌కి ప్రతిచోటా కోట్స్ పెట్టాలా, పైన ఒక్క 'సెట్ మైనస్ ఎఫ్' చాలా?

బిల్డు_బాధితుడు:
మా జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో మూడు వారాలుగా బిల్డ్ పచ్చగా వస్తోంది. నిన్న లాగ్ తెరిచి చూస్తే 63 టెస్ట్ ఫైళ్లలో 4 మాత్రమే రన్ అవుతున్నాయి! ప్యాకేజ్ ఫైల్లో మోకాకి (టెస్టులు నడిపే టూల్) ఇచ్చింది సోర్స్/**/*.టెస్ట్.జేఎస్, కోట్స్ లేకుండా. కోట్స్ లేకపోతే మోకా కంటే ముందు షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) ఆ స్టార్లని ఫైల్ పేర్లుగా విప్పేస్తుంది. మా లీడ్ గారేమో "స్క్రిప్టులన్నిటి పైనా సెట్ మైనస్ ఎఫ్ పడేయ్, షెల్ ఇక స్టార్ జోలికే రాదు" అంటున్నారు. నాకు కోట్సే నయమనిపిస్తోంది. మీరేమంటారు?

కోట్స్_కోటయ్య:
మూడు వారాల క్రితం సోర్స్ కింద కొత్త ఫోల్డర్ ఏమైనా పెట్టారా? ఎస్‌హెచ్‌కి (స్క్రిప్టుల్ని నడిపే మామూలు షెల్) రెండు స్టార్లైనా ఒకటైనా ఒకటే, ఒక్క మెట్టే దిగుతుంది. అంతకుముందు ఆ లోతులో టెస్టులేవీ ఉండి ఉండవు. షెల్‌కి ఏదీ దొరక్క ప్యాటర్న్‌ని ఉన్నదున్నట్టు మోకా చేతిలో పెట్టేది, మోకా తనే సరిగ్గా వెతుక్కునేది. ఆ మెట్టు మీద నాలుగు ఫైళ్లు పడ్డాయి, షెల్‌కి అవి దొరికాయి, మోకాకి అవే అందాయి. ఇన్నాళ్లూ నడిచింది అదృష్టం మీద. మోకా డాక్యుమెంటేషనే డబుల్ కోట్స్ పెట్టమంటుంది. సింగిల్ వద్దు, విండోస్ కమాండ్ ప్రాంప్ట్ సీఎండీకి అవి కోట్సే కావు.

రాత్రి_డ్యూటీ:
కోటయ్య గారూ, ఒక్క లైనుకైతే ఓకే. మా దగ్గర 900 లైన్ల బాష్ (ఇదీ ఒక షెల్లే) స్క్రిప్టుంది. ఎవడో ఒకడు ఎక్కడో మర్చిపోతాడు. పైన ఒక్క లైను పెడితే పీడా పోద్ది కదా?

కోట్స్_కోటయ్య:
పోదు బ్రో. మేమూ పెట్టాం. అదే స్క్రిప్టులో కింద 'ఆర్‌ఎం మైనస్ ఎఫ్ *.ఓ' అని పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు చెరిపే క్లీన్ స్టెప్ ఉంది. ఇక ఆర్‌ఎం నిజంగానే స్టార్ డాట్ ఓ అనే పేరున్న ఫైల్ కోసం వెతికింది. లేదు. ఆర్‌ఎంకి ఇచ్చిన మైనస్ ఎఫ్ అంటే ఫైల్ లేకపోయినా గొడవ చేయొద్దని, కాబట్టి కిక్కురుమనలేదు. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లే లింకయ్యి, మేం తీసేసిన ఫంక్షన్ రెండ్రోజులు బతికే ఉంది. పైగా స్పేస్ ఉన్న ఫైల్ పేరు రెండు ముక్కలవడం దానివల్ల ఆగదు. మేక్‌ఫైల్లో (బిల్డ్ కమాండ్లు రాసే ఫైల్) ఇంకా దండగ, మామూలుగా లైనుకో కొత్త షెల్ కదా.

రాత్రి_డ్యూటీ:
ఆర్‌ఎం కథ మాత్రం దెబ్బే. సరే, ఆ లైను ముందు సెట్ ప్లస్ ఎఫ్ (స్టార్ మళ్లీ పనిచేసేలా), తర్వాత మళ్లీ మైనస్.

కోట్స్_కోటయ్య:
అంటే ఇప్పుడు కోట్స్ బదులు ప్లస్సు మర్చిపోతారు :)

పాత_యూనిక్స్:
అసలు రోగం వదిలేసి మీరిద్దరూ మందు దగ్గర కొట్టుకుంటున్నారు. ఏదీ దొరక్కపోయినా షెల్ నోరు మూసుకుని ముందుకెళ్లడమే రోగం. తొలినాళ్ల యూనిక్స్‌లో స్టార్ విప్పే పని గ్లాబ్ అనే వేరే ప్రోగ్రాంది. ఏదీ దొరక్కపోతే 'నో మ్యాచ్' అని ఆపేసేది. 1979 నాటి బోర్న్ షెల్ మాత్రం ప్యాటర్న్‌ని అలాగే వదిలేసింది, ఆ బరువు ఇప్పటికీ మోస్తున్నాం. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్ చక్కగా ఎర్రర్ ఇస్తుంది. బాష్‌లో అదే పని చేసే ఫెయిల్‌గ్లాబ్ ఆప్షన్ ఆన్ చేసుకోండి. అదుంటే ఈ బిల్డ్ ఆ లైను రాసిన మొదటి రోజే ఆగేది.

బిల్డు_బాధితుడు:
ట్రై చేశానండీ. మా సర్వర్ ఉబుంటు. ప్యాకేజ్ ఫైల్లోని స్క్రిప్టులు నడిపే ఎన్‌పీఎం పిలిచేది ఎస్‌హెచ్‌ని, అక్కడది డ్యాష్ అనే చిన్న షెల్, దానికి ఫెయిల్‌గ్లాబ్ ఊసే తెలీదు. కోటయ్య గారు అన్నట్టే, సోర్స్ కింద యుటిల్స్ ఫోల్డర్ చేరిన రోజు నుంచే ఇదంతా. డబుల్ కోట్స్ పెట్టా (ప్యాకేజ్ ఫైల్ జేసన్ కదా, కోట్ ముందు బ్యాక్‌స్లాష్ కూడా). 63 ఫైళ్లూ రన్ అయ్యాయి. 7 ఫెయిల్.

రాత్రి_డ్యూటీ:
ఆ 7 ఎవరి కమిట్లో చూడు. మీ లీడ్‌వి అయితే ఇక్కడ కూడా చెప్పు.